ఉరవకొండ పాండా

హుస్సేన్ పీరాకు మాటలు రావని ఎవరూ అనలేరు. దూది సంగతి ఎత్తితే పొద్దు గూకేదాకా చెప్తాడు. ఏ ఊరి పత్తి బాగా సాగుతుంది, ఏది తుంపులు తుంపులవుతుంది, దిండుకెంత పడుతుంది, పరుపుకెంత పడుతుంది, అన్నీ చెప్తాడు. తన సంగతి అడిగితే మాత్రం చూరుకు వేలాడే దూదేకే విల్లు దించుకుని, కొయ్యగూటంతో నారి మీద టంగు టంగుమని కొట్టడం మొదలుపెడతాడు. దూది పొగలాగా లేస్తుంది. ఆ చప్పుడులో మన మాట మనకే వినబడదు. ఎంతమందికి అట్లా జవాబు చెప్పాడో నాకు తెలుసు. అందుకే దూదేకులవాళ్ళ విల్లంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

నేను తిమ్మక్కను. ఉరవకొండలో బస్సులు నిలిచే చోటికి వెనక సందులో చిన్న హోటలు పెట్టుకుని బతికినదాన్ని. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సంగటి, ఎప్పుడడిగినా టీ. మా ఆయన పోయాక కూడా పొయ్యి ఆర్పకుండా నడిపాను. పిల్లలు లేరు. హోటలు అరుగు మీద కూర్చుంటే ఎదురుగా పీరా ఇల్లు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. అతని భార్య హబీబా కామెర్లతో పోయింది. వాళ్ళ పనిలో మగవాడు దూది ఏకితే ఆడమనిషి కుడుతుంది. ఒకరు లేకపోతే రెండోవాళ్ళు సగం పనివాళ్ళే. హబీబా పోయాక పీరా ఏకిన దూదిని మూటగట్టి ఇచ్చేవాడు, కావలసినవాళ్ళు ఇంకెక్కడో కుట్టించుకునేవాళ్ళు. సాయంత్రం నా దగ్గర టీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి పోయేవాడు. ఇంట్లో కడిగేవాళ్ళు లేని మగవాడికి వచ్చే అలవాటు అది. నేనూ ఒంటిదాన్నే కాబట్టి ఆ గ్లాసు చూస్తే నాకు బాధగా ఉండేది.

అది అరవై ఆరో సంవత్సరం. ముందేడూ వానల్లేవు, ఆ ఏడూ లేవు. బెళుగుప్ప వైపు వేరుశెనగ మొలిచినట్టే మొలిచి మాడిపోయింది. తినడానికే లేనప్పుడు పరుపు కుట్టించుకునే మారాజు ఎవడు? పీరా విల్లు చూరు కింద ఊరికే వేలాడుతూ ఉండేది. అది మోగినా నాకు కోపమే, మోగకపోయినా కోపమే.

అట్లాంటి రోజుల్లో ఫారెస్టరు రామదాసు ఒక పేపరు పట్టుకుని హోటలుకు వచ్చాడు. మడకశిర వైపు మనిషి. చెట్ల కంటే రాళ్ళు ఎక్కువున్న సీమలో అడవి ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి చేతి నిండా పని లేదు, నోటి నిండా మాటలు మాత్రం ఉన్నాయి. జంతువుల మాట వస్తే ముందున్న ఇడ్లీ చల్లారిపోయినా చూసుకోడు. ఆ రోజు పేపరు విప్పి ఒక ఫోటో చూపించాడు. ఎలుగొడ్డు లాంటిది కూర్చుని ఏదో కర్ర నములుతోంది. కళ్ళ చుట్టూ నల్లగా, కాటుక పెట్టుకుని ఏడ్చినట్టుంది.

"ఇది పాండా అక్కా. చైనా కొండల్లో ఉంటాది. అక్టోబరులో వన్యప్రాణి వారం చేస్తాం గదా, అనంతపురంలో ఎగ్జిబిషను పెడతాండారు. ప్రపంచంలో జంతువుల్ని కాపాడే సంఘం ఒకటి దీన్నే గుర్తుగా పెట్టుకునిండాది. నా స్టాలు ముందర పెద్ద పాండా బొమ్మ కూచోబెట్టాల. చూసేదానికి వచ్చిన జనానికి మన జింకల మాట, పిట్టల మాట చెప్తా."

"మన జింకల మాట చెప్పేదానికి చైనా ఎలుగొడ్డు ఎందుకప్పా?"

"జింక బొమ్మ పెడితే ఎవురొస్తారక్కా? దినామూ చేన్లో మేసిపోయేదే గదా అంటారు. బట్టమేక పిట్టను చూడు. మొన్నమొన్నటిదాకా మన బీళ్ళలో తిరుగుతాండె. ఏడాదికి ఒక్క గుడ్డు పెడతాది, అదీ కటిక నేల మీద. బీళ్ళన్నీ దున్ని శెనక్కాయ ఏసిరి. నేల మీద మడక పాయె, దాని కింద గుడ్డు పాయె. అది యాడికి పోయిందని ఎవురన్నా అడిగినారా?"

నిజమే, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చిన్నప్పుడు మా నాయన వెంట పోతూ ఆ పిట్టను చూశాను, మేకపిల్లంత ఎత్తున గడ్డిలో తల పైకెత్తుకుని నడిచిపోయేది. అది కనబడటం ఎప్పుడు మానేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

అప్పుడే పీరా టీకి వచ్చాడు. రామదాసు అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "నీకోసమే వచ్చినా పీరన్నా. దీన్ని నువ్వే చేయాల. బొమ్మ అంటే పరుపే గదా, చెవులుండే పరుపు."

పీరా ఫోటోను చాలాసేపు చూశాడు. "రంగేమి సారూ?"

"ఇదే రంగు. తెలుపు, నలుపు."

"పేపర్లో గాంధీ గూడా తెల్లగా నల్లగానే పడతాడు. అసలు రంగు అడగతాండా."

"అసలు రంగే అదప్పా! చెవులు, కండ్ల చుట్టూ, కాళ్ళు, భుజాలు నలుపు. తక్కిందంతా తెలుపు. మా అమ్మ తోడు."

పీరా నమ్మలేదు, అయినా తల ఊపాడు. "ఎంతుంటాది?"

"నూరు కిలోలు ఉంటాది."

"అట్లయితే నూరు కిలోల దూది కావాల."

నేనూ రామదాసూ నవ్వాం. పీరా నవ్వలేదు. దూదేకులవాడికి కొలత అంటే బరువే. ఇంత దూది అంటే దిండు, ఇంత దూది అంటే పరుపు. ఫోటోలో పక్కన మనిషి లేడు, ఎంత ఎత్తో తెలుసుకోవడానికి. జంతువు లోపల ఎముకలూ మాంసమూ ఉంటాయి కానీ దూది ఉండదని అతనికి తెలియక కాదు. చేతికి అలవాటైన లెక్క ముందు నోటికి వచ్చింది, అంతే. ఆ లెక్క తర్వాత అతనికి ఎంత పనికొచ్చిందో చెప్తాను.

జిన్నింగు మిల్లులో పారేసే తుక్కు దూదిని రామదాసు బండి మీద తోలించాడు. తెల్లగుడ్డ తాను, నల్లగుడ్డ తాను తెచ్చాడు. ఇక కుట్టే మనిషి కావాలి.

ఆ మాట కోసమే పీరా చెల్లెలు గౌస్‌బీ ఎప్పటినుంచో కాచుకుని ఉంది. పక్క సందులోనే ఆమె కాపురం. కంబదూరులో రంజాన్ బీ అని ఒకామె, భర్త పోయాక అన్న పంచన చేరి బొంతలు కుట్టి బతుకుతోంది. గౌస్‌బీ ఆమెను పాండా కుట్టాలని పిలిపించి తన ఇంట్లో పెట్టుకుంది. అసలు ఎందుకు పిలిపించిందో ఊరందరికీ తెలుసు. పీరాకూ తెలుసు, రంజాన్ బీకీ తెలుసు. ఇష్టపడితే నిఖా, లేకపోతే కుట్టుపని చేసి పోయినట్టు. ఎవరికీ తలవంపులు లేని ఏర్పాటు.

సరిగ్గా ఆ నెలల్లోనే పేపర్లో ఇంకో కత నడుస్తోంది. లండన్ జూలో ఒక ఆడ పాండా ఉంది. చైనా దాటితే పాండాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. మాస్కో జూలో ఒక మగది ఉందని తెలిసి ఈ ఆడదాన్ని విమానం ఎక్కించి అక్కడికి తీసుకుపోయారు, పిల్లలు పుడతాయేమో, జాతి నిలబడుతుందేమో అని. ఆడదాని పేరు చీచీ అని రామదాసు చదవగానే బెంచీ మీద ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. ఆ తర్వాత దినామూ అదే పని. పేపరు రాగానే ఒకడు మాస్కోలో ఏమైందని అడుగుతాడు, ఇంకొకడు పీరా ఇంటి వైపు చూసి ఈడ ఏమైందని అడుగుతాడు.

మాస్కోలో ఏమీ కాలేదు. ఆడది మగదాన్ని దగ్గరికి రానీయలేదు, చాచి కొట్టింది.

"దాని తప్పు కాదక్కా," అని రామదాసు నాకు చెప్పాడు. "అది ఒంటిగా బతికే జంతువు. ఒక్కోదానికి ఒక్కో కొండవాలు. పొద్దంతా వెదురు నములుతానే ఉంటాది, తిన్నదాంట్లో ముప్పాతిక అరగదు. అందుకే ఇంకోదానితో పంచుకోదు. పోతాపోతా చెట్టుకు ఒళ్ళు రుద్ది వాసన పెట్టి పోతాది. ఇంకోటి వచ్చి వాసన చూసుకుని, ఓహో ఈడ ఫలానాది ఉండాది అనుకుని పక్కకు పోతాది. మొగం మొగం చూసుకోకుండానే ఒకదాని సంగతి ఒకదానికి తెలుసు. ఏడాదికి ఒక్క తూరి, ఎండాకాలం ముందర, రెండు మూడు దినాలు మాత్రం పిలుచుకుంటాయి. ఆ దినాలు దాటితే మళ్ళా ఎవురి కొండ వాళ్ళదే. పుట్టేది ఎంతనుకున్నావు? ఎలుకంత! అంత తల్లికి అంత పిల్ల. ఆ కొండల్లో వెదురు కొట్టేసి చేన్లు చేసుకుంటాండారు. కాలం ఇట్లుంటే ఆ జాతి యాడ మిగలతాది?"

"మిగలకపోతే ఏమప్పా? దానికి తెలుస్తాదా, తనే కడపటిదని?"

రామదాసు పేపరు మడత పెట్టాడు. "తెల్దేమో అక్కా. పిలుస్తాది, ఎవురూ పలకరు. అంతే."

పని మొదలైంది. పీరా బయట పంచలో కూర్చుని దూది ఏకేవాడు, దుమ్ము లోపలికి పోకుండా. రంజాన్ బీ లోపల సాలలో కూర్చుని దబ్బనంతో కుట్టేది. నా అరుగు మీదినుంచి ఇద్దరూ కనబడేవాళ్ళు. ఆమె సన్నగా, చామనఛాయలో, ముప్పై దాటిన మనిషి. తల ఎత్తి చూస్తే కళ్ళలో నవ్వు ఉండేది, పెదవుల దాకా రానిచ్చేది కాదు. మొదటి రోజే నాకు నచ్చింది.

వాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. మా సీమలో ఏ కులమైనా, పరాయి మగవాడితో మాట్లాడాల్సి వస్తే ఆడమనిషి అన్నా అని పిలుస్తుంది. అట్లా పిలిచిందంటే ఇక అన్నే. గౌస్‌బీ ఏ ఉద్దేశంతో పిలిపించిందో తెలిసిన మనిషి అన్నా అని ఎట్లా అంటుంది? అనకపోతే ఇంకేమని పిలవాలి? పీరాకూ అదే బాధ. పేరు పెట్టి పిలవలేడు, చెల్లెలా అనలేడు, అనాలని లేదు కూడా. రెండు రోజులు మూగవాళ్ళలాగా పని చేశారు. మూడో రోజు రంజాన్ బీ అప్పుడే ఆకారం దిద్దుకుంటున్న బొమ్మ వైపు చూసి, "మారాజా, దారం అయిపోయినాది," అంది.

పీరా విల్లు ఆపాడు. కాసేపటికి, "మారాజా, గూట్లో ఇంకో ఉండ ఉండాది, తీసుకోమను," అన్నాడు.

అప్పటినుంచి పాండాయే వాళ్ళ మధ్య మనిషి. మారాజా, ఎండగా ఉండాది, నీళ్ళు తాగమను. మారాజా, నిన్న పంపిన కూరలో ఉప్పు తక్కువైనాది, ఏమనుకోవద్దను. మారాజా, హబీబా ఎట్లుండేదో అడుగు. ఆ మాట ఆమె అడిగిన రోజు పీరా విల్లు కొట్టలేదు. గూటం ఒళ్ళో పెట్టుకుని హబీబా గురించి పొద్దు గూకేదాకా చెప్పాడు. అంతకు ముందు ఎవరికీ, నాకు కూడా, ఆ సంగతులు చెప్పలేదు.

ఆ రోజుల్లో పీరా నా దగ్గర టీ తాగి గ్లాసు కడగడం మరిచిపోయి పోయేవాడు. నేను సంతోషంగా కడిగాను.

బొమ్మ పూర్తి కావచ్చింది. కూర్చున్న మనిషంత ఎత్తు, నల్లచెవులు, నల్లకాళ్ళు, చూడముచ్చటగా ఉంది. రామదాసు వచ్చి చప్పట్లు కొట్టాడు. "అసలుది గూడా ఇంతే ఉంటాది పీరన్నా, సరిపోయినాది!"

పీరా మెడ గోక్కున్నాడు. "దూది ఇంకా పావు వంతు గూడా పట్టలేదు సారూ. నూరు కిలోలు అన్యావు గదా."

"అది జంతువు బరువప్పా!"

"బరువు బరువే గదా సారూ. మాట అంటే మాటే."

నాకు అప్పుడే అర్థమైంది. మొదటిరోజు పొరపాటున అన్న లెక్కను ఇప్పుడు తెలిసే పట్టుకున్నాడు. బొమ్మ ముగిస్తే రంజాన్ బీ కంబదూరు బస్సు ఎక్కుతుంది. రామదాసు తల కొట్టుకుని, పెద్దదైతే జనం ఎక్కువ చూస్తారులే అని పోయాడు. పీరా పంచలోనుంచే, "మారాజా, కడుపు బక్కగా ఉండాది, కుట్లు విప్పి పట్టీ ఏయమను," అన్నాడు. రంజాన్ బీ మారుమాట లేకుండా కడుపు విప్పింది.

కడుపు పెద్దదయ్యాక తల చిన్నదిగా కనబడింది. తల పెంచారు. తల పెరిగాక కాళ్ళు చాల్లేదు. పాండా దినదినమూ పెరిగింది. సాల సగం నిండింది, ముప్పాతిక నిండింది. రంజాన్ బీ నిచ్చెన వేసుకుని చెవులు కుట్టాల్సి వచ్చింది. దాని తల ఇంటి కప్పు దంతెలకు తగిలేటప్పటికి తలుపు సందులోనుంచి చూస్తే లోపలంతా తెల్లటి పొట్టే కనబడేది. దీన్ని ఏ తలుపులోనుంచి బయటికి తియ్యాలో వాళ్ళిద్దరూ ఆలోచించలేదు.

"ఏమప్పా, ఆమెను అడిగేదుండాదా లేదా?" అని నేను పీరాను నిలదీశాను.

"అడగతా అక్కా. తల కుట్టనీ."

"తల అయిపాయె."

"చెవులు కానీ."

"చెవులూ అయిపాయె! నీ నోటికేమన్నా కుట్లు ఏసినారా?"

పీరా నేల చూశాడు. "అడిగితే, వద్దంటే? రేపు పొద్దున రాదు గదా అక్కా. అడక్కపోతే వస్తాది."

అతన్ని వదిలేసి రంజాన్ బీని కదిపి చూశాను. నిచ్చెన మీదినుంచి దిగి, చీర కొంగుతో చెమట తుడుచుకుని, "అడిగేవాళ్ళు అడిగితే గదా అక్కా, చెప్పేది," అంది. నోరున్నవాళ్ళు ఇద్దరు, మధ్యలో నోరులేని గుడ్డబొమ్మ. నాకు ముగ్గురినీ కలిపి తన్నాలనిపించింది.

వన్యప్రాణి వారం దగ్గర పడింది. అప్పుడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు బయ్యన్న ఎటో పోతూ పీరా ఇంటి ముందు జీపు ఆపించి లోపలికి తొంగి చూశాడు. ఇదేమిటని అడిగాడు. అక్కడే ఉన్న రామదాసు ఉత్సాహంగా మొత్తం చెప్పాడు, చైనా కొండలతో సహా. బయ్యన్న ముఖం మారిపోయింది.

"చైనావాడు మన మీదికొచ్చి నాలుగేండ్లు కాలేదు. మా చిన్నాయన కొడుకు ఆ మంచులోనే పాయె, శవం గూడా రాలేదు. వాళ్ళ జంతువుకు మన జిల్లాలో పీట ఏస్తారా? నేను బతికుండగా కాదు."

ఆయన్ను తిట్టలేకపోయాను. ఆ పిల్లవాడిని నేనూ ఎరుగుదును. రామదాసు పైవాళ్ళ దగ్గరికి పోయి వాదించాడు, జంతువుకు దేశాల తగాదా ఏం తెలుసు అన్నాడు. పైవాళ్ళు గొడవెందుకని పాండాను వద్దన్నారు, గోడకు జింక పటం పెట్టుకోమన్నారు. అట్లా పాండా పని ఒక్క పూటలో అయిపోయింది.

ఆ కబురు కంబదూరుకు ఎట్లా చేరిందో గానీ మరునాడే రంజాన్ బీ అన్న వచ్చాడు. పని లేని చోట చెల్లెలు ఎందుకు? ఆమె మూట కట్టుకుంది. గౌస్‌బీ గుమ్మంలో నిలబడి కళ్ళు ఒత్తుకుంటోంది. రంజాన్ బీ పీరా ఇంటికి వచ్చి దబ్బనం, కత్తెర గూట్లో పెట్టింది. పీరా పంచలో కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా నా అరుగు మీద నిలబడి ఉన్నాను, చేతిలో గరిటె.

ఆమె గడప మీద నిలబడి లోపలికి చూసి చెప్పింది. "మారాజా, నేను పోతాండా. ఎవురన్నా ఏమన్నా చెప్పాలంటే ఇప్పుడే చెప్పమను."

పీరా లేవబోయాడు. నేను కళ్ళారా చూశాను, మోకాలు మీద చెయ్యి వేసి లేవబోయాడు. అంతలో ఆమె అన్న సందు చివరినుంచి బస్సొచ్చిందని కేకేశాడు. పీరా చెయ్యి మోకాలి మీదినుంచి విల్లు మీదికి పోయింది. టంగు టంగుమని కొట్టడం మొదలుపెట్టాడు. నారి కింద దూది కూడా లేదు, ఉత్త విల్లు కొడుతున్నాడు. రంజాన్ బీ కాసేపు నిలబడి, తల మీద కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. నేను గరిటె విసిరాను. అది సందు మధ్యలో పడింది, అతనికి తగల్లేదు.

తర్వాత చాలా రోజులు నేను పీరాతో మాట్లాడలేదు. లోపల పాండా ఉండేది, పీరా బయట పంచలో పడుకునేవాడు. టీకి వచ్చేవాడు, గ్లాసు కడిగి బోర్లించి పోయేవాడు. చీచీని మళ్ళా విమానం ఎక్కించి లండన్‌కు తెచ్చేశారని, జత కుదరలేదని పేపర్లో వచ్చింది. రామదాసు చదివాడు. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

దీపావళి పోయి చలి మొదలయ్యాక పాండాలో ఎలుకలు దూరాయి. దాన్ని బయటికి తియ్యాలి, తలుపులోనుంచి రాదు, కుట్లు విప్పడం తప్ప దారి లేదు. ఒక పొద్దున పీరా కత్తెర తీసుకుని లోపలికి పోయాడు. ఇడ్లీ వాయి దించేలోపే బయటికి వచ్చి, సందు దాటి, నా ముందు నిలబడ్డాడు. చేతిలో ఒక గుడ్డపేలిక.

"అక్కా, ఇది చూడు."

చూశాను. గుడ్డ అంచున కుట్టు ఉంది. "కుట్టే గదప్పా."

"తిప్పి చూడు. పైన ఒక వరస. లోపల ఇంకో వరస, సన్నంగా, నువ్వుగింజంత కుట్లు. యాడ విప్పినా ఇట్లే ఉండాది. కడుపు కాడ, కాళ్ళ కాడ, చెవుల కాడ. వారం దినాలు కూచోబెట్టే బొమ్మ అక్కా ఇది. పరుపుకు గూడా ఎవురూ ఇట్ల కుట్టరు. దినానికి అయ్యే పని రెండు దినాలు కావాలంటే తప్ప..." బెంచీ మీద కూలబడ్డాడు. "నేనొక్కన్నే దినాలు జరుపుతాండా అనుకుంటి."

నేను అతన్ని ఎన్ని తిట్లు తిట్టానో చెప్పకూడదు. పొయ్యిలో నీళ్ళు పోశాను. మా ఆయన పోయిన తర్వాత పట్టపగలు నా పొయ్యి ఆరింది ఆ రోజే. "లెయ్, బస్సుండాది," అన్నాను.

కళ్యాణదుర్గంలో బస్సు మారి కంబదూరు పోయాం. దారి పొడుగునా ఎండిన చేలు, రాళ్ళు, మళ్ళా చేలు. పీరా జేబులో చెయ్యి పెట్టుకుని, గుడ్డపేలిక పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. ఏమడుగుతావో చెప్పు అన్నాను. చెప్పాడు. బాగానే అడుగుతున్నాడు, సూటిగా, తడబడకుండా. ఈ మాట అప్పుడెందుకు రాలేదురా అని నాకు మళ్ళా మండింది. అయినా లోపల సంతోషంగానే ఉంది. నా జీవితంలో ఒక మంచి పనికి బస్సెక్కానని అనుకున్నాను.

రంజాన్ బీ ఇంటి ముందు చాప వేసుకుని బొంత కుడుతోంది. మమ్మల్ని చూసి దబ్బనం గుడ్డలో గుచ్చి లేచింది. ముఖం ఒక్క క్షణం వెలిగింది, నేను చూశాను. తర్వాత తల మీద కొంగు ముందుకు లాక్కుంది.

"రా తిమ్మక్కా," అంది. అతని వైపు తిరిగింది. "రా అన్నా. కూచో."

పీరా కూర్చోలేదు.

ఆమె వదిన లోపలినుంచి వచ్చి, మేం అడక్కుండానే సంతోషంగా చెప్పింది. రంజాన్ బీకి కుదిరింది. రాయదుర్గం ఖాసిం సాబ్, బట్టల కొట్టు, మొదటి భార్య పోయింది, ముగ్గురు పిల్లలు. పోయిన వారమే మాట ఇచ్చారు. రంజాన్ పండగ కాగానే నిఖా. మంచి కబురు వేళకే వచ్చినారు, కూచోండి, టీ పెడతానని లోపలికి పోయింది.

రంజాన్ బీ మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పీరా ఎడమ చేత్తో చెంబు అందుకోబోయి, తప్పని తెలుసుకుని ఆగాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. అక్కడున్నదాన్ని వదిలి ఆ చెయ్యి బయటికి తియ్యడానికి కాస్త సేపు పట్టింది. నీళ్ళు తాగాడు.

"మారాజు ఎట్లుండాడు?" అని ఆమె అడిగింది.

"బాగుండాడు. ఇంట్లోనే ఉండాడు."

ఆమె చాప అంచు సరిచేసింది. ఇంకెటో చూస్తూ, నెమ్మదిగా అడిగింది. "కుట్లేమన్నా విప్పినారా?"

నేను పీరా వైపు చూశాను. చెప్పు, చెప్పు అని లోపల్లోపల అనుకున్నాను. మాట ఇచ్చి వారమే అయింది, తెంచుకున్న మాటలు ఎన్ని లేవు లోకంలో? అతను కూడా అదే ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. పరదా వెనక ఆమె వదిన గ్లాసులు సర్దుతున్న చప్పుడు వస్తోంది. ఆమె అన్న పిల్లలు గడపలో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. కట్టుబట్టలతో అన్న పంచన బతికిన మనిషికి ఒక ఇల్లు కుదిరింది. ఇవన్నీ నాకంటే ముందు అతనే చూశాడు.

"లేదు," అన్నాడు పీరా. "విప్పలేదు చెల్లెలా."

నెలా పదిరోజులు ఒకే కప్పు కింద కూర్చుని ఆమెను ఒక్కసారీ పిలవని మనిషి, ఆ రోజు పిలిచాడు.